వెనుక చక్రం విడివడిన కథ

ఎడ్లబండి చక్రం తీయడం రైతుకు పెద్ద పని కాదు. ఇరుసు క్రింద ఒక మొద్దు ఎత్తుపెట్టి, ఇరుసు కొననున్న కడచీలను ఊడదీసి, చక్రాన్ని ప్రక్కకు లాగుతాడు. కందెన పూసి తిరిగి ఎక్కించి, చీల దిగగొడితే పని ముగిసినట్లే. అదే మోటారు సైకిలు వెనుక చక్రం విషయానికి వస్తే ఇంత సులభంగా జరగదు. నట్టు విప్పాలి, ఇరుసు లాగాలి, చైను తప్పించాలి, బ్రేకు కడ్డీ విడదీయాలి. తిరిగి బిగించునప్పుడు ఇవన్నీ తలక్రిందుల వరుసలో చేయాలి. ఒక్కటి మరచినా ప్రమాదమే.

రెండూ చక్రాలే కదా, ఇంత తేడా ఎందుకు వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానం వెదికితే మోటారు సైకిలు చరిత్రలో ఒక ముఖ్యమైన భాగం మన కండ్ల ముందు నిలుస్తుంది.

మూడు బాధ్యతలు

బండి చక్రానికి ఉన్నది ఒకే బాధ్యత, బరువు మోయడం. బండిని లాగేవి ఎడ్లు. ఆపేవి కూడ చాలవరకు అవే. మోటారు సైకిలు వెనుక చక్రానికి మూడు బాధ్యతలున్నవి. అది బరువు మోయాలి. ఇంజను శక్తిని నేలకు అందించి బండిని ముందుకు నెట్టాలి. బ్రేకు వేసినప్పుడు వేగాన్ని అణచాలి. ముందు చక్రానికి మోయడం, ఆపడం మాత్రమే ఉన్నవి కనుక దానిని తీయడం కొంత తేలిక. వెనుక చక్రంతో ఇంజనుకు, బ్రేకుకు, చట్రానికి మూడు విధాల లంకె ఉన్నది. ఈ మూడు లంకెలను ఒకదాని నుండి ఒకటి విడదీయడానికి ఇంజనీర్లు సుమారు నూరు సంవత్సరాలు శ్రమించారు.

ఇంజనులో భాగమైన చక్రం

1885లో జర్మనీలోని కాన్‌స్టాట్‌లో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాఖ్ పెట్రోలు ఇంజనుతో నడిచే రెండు చక్రాల బండిని తయారుచేశారు. దాని చక్రాలు కొయ్యవి, వాటిపైన ఇనుప పట్టాలు. అవి గాలి టైర్లు కావు గనుక పంచరు అనే మాటే లేదు. చక్రాన్ని దారిలో తీయవలసిన అవసరమూ అంతగా లేదు.

1894లో మ్యూనిక్ నగరంలో హిల్డెబ్రాండ్, వుల్ఫ్‌ముల్లర్ అనేవారు అమ్మకానికి పెట్టిన యంత్రం వేరు. అధిక సంఖ్యలో తయారైన మొట్టమొదటి మోటారు సైకిలు అదే. జర్మన్ భాషలో మోటారు సైకిలుకు వాడే ‘మోటోర్‌రాడ్’ అనే పేరు కూడ దానితోనే ప్రచారంలోకి వచ్చినది. దాని ఇంజను పరిమాణం సుమారు 1,490 ఘనపు సెంటీమీటర్లు; శక్తి మాత్రం రెండున్నర అశ్వశక్తి. రైలింజనులో ఆవిరి ముషలకాలు చక్రాలను కడ్డీలతో త్రిప్పినట్లే, ఈ యంత్రంలో రెండు సిలిండర్ల కడ్డీలు తిన్నగా వెనుక చక్రపు ఇరుసుకు తగిలించబడి ఉండేవి. సాధారణంగా ఇంజనులో క్రాంకు దండం, దానికొక బరువైన గతిపాలక చక్రం ఉంటాయి. ఇక్కడ ఆ రెండు పనులూ వెనుక చక్రమే చేసేది.

అనగా ఆ చక్రాన్ని తీయడమంటే ఇంజనునే విప్పడం అన్నమాట. పైగా ఆ చక్రానికి ఉన్నది గాలి టైరు. పంచరు పడక తప్పదు. చక్రం తీయక తప్పదు. క్లచ్చు, గేర్లు లేని ఆ యంత్రాన్ని నడపడం కూడ కష్టమే. 1897 నాటికి దాని తయారీ ఆగిపోయినది. చక్రం ఒకటి, ఇంజను ఒకటి అని వేరు చేయనిదే మోటారు సైకిలు ముందుకు సాగదని ఆ అనుభవం నేర్పినది.

గాలి టైరు తెచ్చిన చిక్కు

1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందాడు. సుఖప్రయాణానికి అది వరమే. కాని మొదట్లో టైరును రిమ్ముకు అంటించి వేసేవారు. 1889లో ఫ్రాన్సులోని క్లెర్మాన్-ఫెరాన్‌లో మిషెలిన్ సోదరుల కర్మాగారానికి ఒక సైకిలు బాటసారి పంచరు పడిన టైరుతో వచ్చాడనీ, దానిని ఊడదీసి బాగుచేయడానికి మూడు గంటలు, జిగురు ఆరడానికి ఒక రాత్రి పట్టినవనీ చెబుతారు. 1891లో ఆ సోదరులు ఊడదీయ వీలైన టైరును రూపొందించారు. అదే సంవత్సరం పారిస్ నుండి బ్రెస్ట్‌కు వెళ్లి తిరిగి పారిస్ చేరే సుమారు 1,200 కిలోమీటర్ల సైకిలు పందెంలో షార్ల్ తెరాన్ ఆ టైర్లతోనే గెలిచాడు.

కారులకు మరొక ఉపాయం దొరికినది. 1904లో వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణంలో డేవిస్ సోదరులు ఒక అదనపు చక్రాన్ని తయారుచేశారు. ఆకులు లేని రిమ్ము మీద గాలి నింపిన టైరును ముందే సిద్ధంగా ఉంచి, పాడైన చక్రానికి దానిని బిగించేవారు. వారి దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ. ఆ వీధి పేరే అదనపు చక్రానికి పేరై సముద్రాలు దాటి వచ్చినది. నేటికీ తెలుగు నాట డ్రైవర్లు ‘స్టెప్నీ ఉన్నదా?’ అని అడిగేది ఆ వీధి పేరునే.

మోటారు సైకిలుకు మాత్రం స్టెప్నీ మోసే చోటు అరుదు. దారిలో పంచరు పడితే చక్రం తీసి, ట్యూబు పైకి లాగి, అతుకు వేసి తిరిగి బిగించవలసినదే. అందుచేత చక్రం ఎంత త్వరగా ఊడివస్తుందనేది బాటసారికి ప్రాణావసరమైనది.

బెల్టు, చైను

1901లో పారిస్‌లోని వెర్నర్ సోదరులు ఇంజనును రెండు చక్రాల నడుమ, సైకిలు తొక్కుడు ఇరుసు ఉండే చోట అమర్చారు. ఇంజను స్థానం స్థిరపడినది. వెనుక చక్రం కేవలం చక్రమయినది. శక్తిని చేరవేయడానికి తోలు బెల్టు వాడేవారు. బెల్టుకు ఒక కొక్కెం ఉండేది. దానిని విప్పితే చక్రానికీ ఇంజనుకూ సంబంధం తెగిపోయేది. ఈ సౌకర్యం బాగానే ఉన్నది కాని, వాన తగిలితే బెల్టు జారేది; ఎక్కుడు దారిలో బలం చాలేది కాదు.

చైను జారదు. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ రూపొందించిన రోలరు చైను సైకిళ్లతోపాటు మోటారు సైకిళ్లకూ అక్కరకు వచ్చినది. 1911లో మాన్ ద్వీపంలో పర్వత మార్గాన మొదటిసారిగా జరిగిన టి.టి. పందెంలో చైనుతో నడిచే అమెరికా దేశపు ‘ఇండియన్’ యంత్రాలు మొదటి మూడు స్థానాలూ దక్కించుకున్నవి. క్రమంగా బెల్టు వెనుకబడినది.

చైనుతో లాభం వచ్చినది. కొత్త బాధ్యత కూడ వచ్చినది. ముందు పళ్ళచక్రం, వెనుక పళ్ళచక్రం ఒకే గీతలో ఉండాలి. ఇరుసును వెనుకకు జరిపితే చైను బిగుస్తుంది, ముందుకు జరిపితే వదులవుతుంది. కనుక చక్రం తీసిన ప్రతిసారీ దానిని మునుపటి చోటనే సరిగా నిలుపవలసి వచ్చినది. ఇంతలో బ్రేకు కూడ రిమ్ము మీద నుండి చక్రపు నాభిలోని డ్రమ్ములోకి చేరినది. చక్రం తీసేవాడికి చైనుతోపాటు బ్రేకు కూడ అడ్డు వచ్చినది.

నాభి రెండు ముక్కలయినది

ఈ చిక్కుకు పరిష్కారాలు పలువిధాలుగా వచ్చినవి. 1923లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఆర్.32 అనే యంత్రంలో చైనును విడిచి, తిరిగే దండంతో శక్తిని వెనుకకు పంపినది. చైను బిగువు అనే సమస్యే అక్కడ లేదు.

ఇంగ్లండులో 1946లో వెలువడిన విన్సెంట్ ర్యాపిడ్ మరొక మార్గం చూపినది. ఫిలిప్ విన్సెంట్, ఫిల్ ఇర్వింగ్ దాని రూపకర్తలు. ఇరుసుకు నట్టుకు బదులు చేతితో త్రిప్పదగిన అడ్డకడ్డీ పెట్టారు. చైను బిగువును, బ్రేకును కూడ చేతితోనే సరిచేయవచ్చు. చక్రం పైనున్న మడ్‌గార్డు కీలు మీద పైకి లేచేది. ఒక్క పానా కూడ లేకుండ వెనుక చక్రాన్ని బయటికి తీయడానికి వీలయినది.

1950 దశకంలో బి.ఎస్.ఏ., ట్రయంఫ్ వంటి సంస్థల యంత్రాలలో కనిపించిన ఉపాయం ఇంకను సూక్ష్మమైనది. అందులో నాభిని రెండు ముక్కలు చేశారు. పళ్ళచక్రం, బ్రేకు డ్రమ్ము ఒక ముక్క. ఆకులు, రిమ్ము, టైరు గల చక్రం రెండవ ముక్క. ఈ రెంటినీ పళ్ళతో ఒకదానిలో ఒకటి ఇమిడేటట్లు అమర్చారు. పొడవైన ఇరుసును లాగి, చక్రాన్ని ప్రక్కకు జరిపితే అది ఒక్కటే ఊడివచ్చేది. చైను, బ్రేకు చట్రానికే అంటిపెట్టుకొని ఉండేవి. మూడు బాధ్యతల నడుమ గీత గీసినట్లయినది.

ఒంటిచేతి ఇరుసు

ఆ దారిలో అన్నిటికంటె విలక్షణమైన అడుగు వేసినవాడు విమానశాస్త్రజ్ఞుడయిన కొరాడీనో డాస్కానియో. హెలికాప్టరు ప్రయోగాలలో పేరుపొందిన ఆయనకు మోటారు సైకిళ్లంటే ఇష్టం లేదు. చైను మురికి, చక్రం మార్చుటలోని తిప్పలు ఆయన చెప్పిన ముఖ్య దోషాలు. ఇటలీలో పియాజియో సంస్థ కోసం 1946లో ఆయన రూపొందించిన వెస్పా స్కూటరులో ముందు చక్రాన్ని విమానపు దిగుడు చక్రంవలె ఒకే ప్రక్క నుండి పట్టి నిలిపాడు. వెనుక ఇంజను, గేరుపెట్టె, చక్రం ఒక్కచోటనే ఉన్నవి. డ్రమ్ము గేరుపెట్టె దండానికి బిగిసి ఉంటుంది. చక్రం ఆ డ్రమ్ముకు నట్లతో బిగిసి ఉంటుంది. ఆ నట్లు విప్పితే చక్రం చేతికి వస్తుంది. ఇంజను, బ్రేకు కదలవు.

1894 నాటి మ్యూనిక్ యంత్రంలోను ఇంజను, వెనుక చక్రం కలిసే ఉండేవి. వెస్పాలోను కలిసే ఉన్నవి. ఒకదానిలో చక్రం ఇంజనుకు బందీ, రెండవదానిలో స్వతంత్రం. భాగాలు దగ్గరగా ఉండడం దోషం కాదు, విడదీయరాకుండ ఉండడం దోషమని ఈ పోలిక తెలుపుతుంది. 1960 దశకంలో బజాజ్ సంస్థ పియాజియో అనుమతితో ఈ స్కూటర్లను భారతదేశంలో తయారుచేయగా, స్టెప్నీ తగిలించుకున్న స్కూటర్లు మన వీధులలో కూడ పరిచితమైనవి.

పెద్ద మోటారు సైకిళ్లకు ఈ పద్ధతి రావడానికి కొంత కాలం పట్టినది. ఒక ప్రక్కనే పట్టి ఉంచే చేయి మెలిపడకుండ ఉండాలంటే దృఢంగా ఉండాలి. అందుచేత బరువు పెరుగుతుంది. 1980లో బి.ఎం.డబ్ల్యు. ఆర్.80 జి/ఎస్. అనే యంత్రం ఒంటిచేతితో వచ్చినది. గంటల తరబడి సాగే పందెాలలో చక్రం మార్చడానికి పట్టే సమయమే జయాపజయాలను నిర్ణయించవచ్చును. అట్టి పందెాల అనుభవంతో 1987లో హోండా విడుదల చేసిన వి.ఎఫ్.ఆర్.750ఆర్.లో ఒకే పెద్ద నట్టు విప్పితే వెనుక చక్రం ప్రక్కకు వచ్చేది. చైను, పళ్ళచక్రం, బ్రేకు తమ చోటనే ఉండేవి. ఇరుసు కొన, దానికొక బిగింపు, ప్రక్కకు జారే చక్రం: రైతు ఊడదీసే కడచీల పద్ధతియే ఇది.

బిగించుటలోని శాస్త్రం

ఇప్పటికీ పెక్కు మోటారు సైకిళ్లలో ఇరుసు రెండు ప్రక్కలా పట్టి ఉంటుంది. వాటిలో చక్రం తీయడంకంటె తిరిగి బిగించడమే ముఖ్యం. తరగతిలో బలభ్రామకం బోధించే ఉపాధ్యాయునికి ఇందులో చక్కని ఉదాహరణ ఉన్నది.

డ్రమ్ము బ్రేకు వేసినప్పుడు నేల టైరును వెనుకకు 400 న్యూటన్ల బలంతో లాగినదనుకొందాం. చక్రపు వ్యాసార్ధం 0.3 మీటరు. అప్పుడు బలభ్రామకం 400 × 0.3 = 120 న్యూటన్-మీటర్లు. బ్రేకు చెక్కలను మోసే పలక ఈ భ్రామకంతో చక్రంతోపాటు తిరగజూస్తుంది. దానిని తిరగనీయక చట్రానికి కట్టి ఉంచేది ఒక చిన్న కడ్డీ. ఇరుసుకు 0.1 మీటరు దూరంలో అది తగిలి ఉంటే దానిపై పడే బలం 120 ÷ 0.1 = 1,200 న్యూటన్లు. అనగా టైరు మీది బలానికి మూడు రెట్లు. ఆ కడ్డీ బోల్టు బిగించడం మరచితే మొదటి గట్టి బ్రేకుకే పలక తిరిగిపోయి చక్రం పట్టివేయవచ్చును. చక్రం తీసిన తరువాత జరిగే ఘోరమైన పొరపాట్లలో ఇది ఒకటి.

చైను విషయంలోను శాస్త్రమున్నది. గుంతలలో చక్రం పైకి క్రిందికి ఊగునప్పుడు ముందు, వెనుక పళ్ళచక్రాల మధ్య దూరం కొంచెం మారుతుంది. అందుకనే చైనును తీగవలె బిగించక కొంత వదులు ఉంచుతారు. చైను లంకె మీది స్ప్రింగు క్లిప్పుకు మూసిన కొన చైను కదిలే దిశకు ఉండాలి. లేనిచో ఏదైనా తగిలి క్లిప్పు ఎగిరిపోవచ్చును. రెండు ప్రక్కల ఇరుసు గుర్తులు సమంగా ఉన్నవా, చక్రం చేతితో త్రిప్పితే స్వేచ్ఛగా తిరుగుతున్నదా, బ్రేకు పట్టుతున్నదా అని చూచిన తరువాతనే బండి ఎక్కాలి.

ట్యూబు లేని టైర్లు వచ్చిన తరువాత పంచరు పడినంత మాత్రాన చక్రం తీయవలసిన పని చాలవరకు తప్పినది. మేకు దిగిన చోట బయటి నుండే రబ్బరు బిరడా దూర్చి గాలి పట్టిస్తారు. కాని టైరు అరిగినప్పుడు, బేరింగులు పాడైనప్పుడు చక్రం ఊడదీయవలసినదే. పనివాడు ఇరుసు నట్టుకు పానా తగిలించునప్పుడు ప్రక్కన నిలిచి చూచే విద్యార్థి ఒక్కొక్క లంకెను గుర్తించి, ఇది మోయడానికా, నడపడానికా, ఆపడానికా అని ప్రశ్నించుకుంటే చాలు. ఏ బోల్టు ఎందుకున్నదో తెలిసినవాడు దానిని బిగించడం మరచిపోడు.