మాంట్‌గొమరీ బస్సులలో కదలెడి గీత

అమెరికాలోని అలబామా రాష్ట్రమునకు రాజధానియైన మాంట్‌గొమరీ నగరమున 1955 నాటి బస్సులలో 36 ఆసనములుండగా, ముందరి 10 తెల్లవారికిని, వెనుకటి 10 నల్లవారికిని చెందినవి. నడుమనున్న 16 మాత్రము డ్రైవరు చిత్తమునకు విడువబడినవి. తెల్లవారు ఎక్కినకొలది అతడు జాతుల నడిమి గీతను వెనుకకు జరుపును. ఒక్క తెల్లవాడు కూర్చుండుటకై ఆ వరుసలోని నల్లవారందరును లేవవలెను. నల్లవారు ముందరి ద్వారమున పది సెంట్లు చెల్లించి, మరల దిగి, వెనుక ద్వారమునకు నడువవలసి వచ్చుటయు, అంతలో బస్సు కదలిపోవుటయు కద్దు. చట్టమునందలి అవమానమును డ్రైవరు చేతి కప్పగించిన యీ యేర్పాటే నాకు అన్నిటికంటె క్రూరముగ తోచును. ఈ జాతివేర్పాటుకు మూలమైన ‘వేరైనను సమానము’ అను సిద్ధాంతమును సుప్రీంకోర్టు 1896లో, ప్లెస్సీ యనువాని రైలుపెట్టె వ్యాజ్యమున ఆమోదించెను.

1955 మార్చిలో పదునైదేండ్ల క్లాడెట్ కాల్విన్ సీటు విడువక నిర్బంధింపబడెను. డిసెంబరు 1న లేవ నిరాకరించిన రోజా పార్క్స్, పలువురు తలచునట్లు కేవలము అలసిన కుట్టుపనికత్తె కాదు. నల్లవారి హక్కుల సంఘపు స్థానికశాఖకు కార్యదర్శినిగా పనిచేసిన అనుభవశాలిని. ఆ రాత్రియే కళాశాలాధ్యాపకురాలు జో ఆన్ రాబిన్‌సన్ మిమియోగ్రాఫు యంత్రముపై వేలకొలది కరపత్రములు తీసెను; డిసెంబరు 5న బస్సుల బహిష్కారము మొదలయ్యెను.

నాయకులు తొలుత కోరినది వేర్పాటు రద్దు కాదు. మర్యాద, నల్లవారు మిక్కిలిగా ఎక్కు దారులలో నల్లజాతి డ్రైవర్లు, వెనుకనుండి నల్లవారును ముందునుండి తెల్లవారును వచ్చినవారు వచ్చినట్లు కూర్చుండు పద్ధతి, ఇంతియే. ఈ కొద్దిపాటి కోర్కెనైన తీర్చని నగరపాలకుల మొండితనమే పెద్ద కోర్కెకు దారితీసెను. పది సెంట్లకే నల్లవారిని చేరవేసిన టాక్సీలను పోలీసులు 45 సెంట్ల కనీసపు బాడుగ పేర అడ్డగింపగా, జనులు సొంతకార్లను కూడగట్టిరి, లేదా నడచిరి. తమ వంటకత్తెలను కార్లలో తెచ్చుకొను తెల్లయమ్మలను మేయరు మందలించెను గాని, వంట తానే చేసికొనుమనిన వినునదెవరు? జార్జియా గిల్మోర్ అను వంటకత్తె మరికొందరు స్త్రీలతో కూడి కేకులు, భోజనములు అమ్మి, కొన్నవారి పేర్లు పొక్కనీయక, ఆ సొమ్ము ఉద్యమమునకు పెట్రోలుగా మార్చెను.

పార్క్స్‌కు పడిన శిక్షపై అప్పీలు రాష్ట్ర న్యాయస్థానములలో చిక్కుకొనునని యెరిగిన న్యాయవాది ఫ్రెడ్ గ్రే, 1956 ఫిబ్రవరి 1న కాల్విన్‌తో కూడ ఐదుగురు స్త్రీల పక్షమున బస్సుల వేర్పాటుపై ఫెడరల్ కోర్టులో వ్యాజ్యము వేసెను. ముగ్గురు న్యాయాధీశులలో ఇద్దరు జూన్ 5న వారి పక్షము వహించిరి. నవంబరు 13న, నగరము ఆ కార్ల యేర్పాటును ఆపింప స్థానిక కోర్టులో వాదించుచున్న నాడే, సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపరచెను. డిసెంబరు 21న నల్లవారు మరల బస్సులెక్కి, తమకిష్టమైన చోట కూర్చుండిరి.

ఆ తీర్పు బస్సులకే. ఉద్యానవనముల వేర్పాటుపై గిల్మోరే మరియొక వ్యాజ్యమునకు వాదిని కాగా, నగరపాలకులు నల్లవారిని రానిచ్చుటకంటె మేలని, 1959 జనవరి 1 నుండి ఉద్యానములన్నిటిని అందరికిని మూసివైచిరి. 1965 వరకు అవి తెరువబడలేదు.