వర్తకుని వాక్కు: మోటుపల్లి శిలనుండి చరవాణి వఱకు

మన సంఘ వార్షిక మహాసభా సంచికలందు కులోత్పత్తిని గూర్చియు, గోత్రములను గూర్చియు, పూర్వుల దానధర్మములను గూర్చియు విద్వాంసులు పలుమాఱు వ్రాసియున్నారు. ఈ యేట కార్యదర్శులు నాకు వేఱొక విషయమును నియమించిరి. మన వర్తకులు సామాజిక మాధ్యమములను తమ వ్యాపారములందు క్రమక్రమముగా ఎట్లు అలవఱచుకొనవలయు ననునది ఆ విషయము. శబ్దమంజరియు అమరకోశమును చెప్పుచు బడిలోనే తల నెఱసిన నాబోటివానికి ఇది పొసగునా యని మొదట శంకించితిని. పూర్వవృత్తాంతములను తిరుగవేసి చూడగా ఇది క్రొత్త ప్రశ్న కానేకాదని తోచినది. క్రొత్త సాధనము వచ్చినప్పుడెల్ల మన అంగళ్లు ఈ ప్రశ్ననే ఎదుర్కొన్నవి. కావున చరిత్రమార్గముననే దీనిని విచారించెదను.

ఈ విచారణ వట్టి పాండిత్యవినోదము కాదు. నేడు మన వీథులలో రెండు విధములైన నష్టములు కంటికి కనబడుచున్నవి. పెద్దలు కొందఱు ఈ సాధనములను ముట్టక, మూడుతరముల వాడుకదారుల బిడ్డలు వేఱుచోట కొనుచుండగా చూచుచు గల్లాపెట్టె యొద్ద కూర్చున్నారు. యువకులు కొందఱు ఒక్కనాటనే అన్ని మాధ్యమములలోనికి దిగి, ప్రచారము చేసిపెట్టువారికి నెలనెలా రొక్కము చెల్లించి, సరకు దింపుటకు పెట్టుబడి చాలక తలుపులు మూసిరి. ఈ కారణముచేతనే తండ్రికొడుకుల నడుమ మాటలు లేకుండ పోయిన ఇండ్లను నేనెఱుగుదును. తండ్రి మూర్ఖుడని కొడుకును, కొడుకు దూబరయని తండ్రియు అనుచుందురు. చరిత్రను చూచినచో ఈ రెండు మాటలును సరికావని తెలియుచున్నది. వర్తకుడు క్రొత్త సాధనమును అజ్ఞానముచేత త్రోసిపుచ్చుట అరుదు. ప్రతి సాధనమునకును ఏదో యొక భయము అడ్డుపడియుండును. ఆ భయము తీఱిన పిమ్మటనే ఆ సాధనము అంగడి మెట్లెక్కినది.

మన దేశమున ఇందుకు మిక్కిలి ప్రాచీనమైన నిదర్శనము మోటుపల్లి అభయశాసనము. కాకతీయ చక్రవర్తియగు గణపతిదేవుడు 1244 వ సంవత్సర ప్రాంతమున దీనిని వేయించెను. పూర్వపు రాజులు, తుపానునకు చిక్కి త్రోవ తప్పి తమ తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతయు బలాత్కారముగా లాగుకొనుచుండిరట. అట్లు చేయమనియు, నియతమైన సుంకము తప్ప వేఱేమియు గైకొనమనియు గణపతిదేవుడు ద్వీపాంతర వర్తకులకు అభయమిచ్చెను. సుంకము సామాన్యముగా ముప్పదింట నొకపాలు. కర్పూరము, చందనము, ముత్యములు మొదలైన సరకులకు సుంకములు ఆ శిలపైననే చెక్కబడినవి. చదువరులు ఇందు రెండంశములను గమనింపవలయును. మొదటిది, ఆ ప్రకటన ఓరుగంటి కోటలో నిలుపబడలేదు. ఓడ దిగిన వర్తకుని కంటబడు ఱేవుననే నిలుపబడినది. రెండవది, అందు రాజు తన తీరమునకు రండని పిలుచుటకు ముందు, వచ్చువానికి గల భయమేదో దానిని పేరుపెట్టి చెప్పి, అది యిక లేదనెను. తరువాతి శతాబ్దిలో రెడ్డిరాజైన అనవోతారెడ్డి అదే ఱేవున మరల అభయము ప్రకటింపవలసివచ్చెను. ఒక్కసారి చాటి ఊరకున్న మాట నిలువదని దీనివలన ఊహింపవచ్చును.

ఊరిలోని వర్తకమునకు ఇంత యాడంబరము అక్కఱలేకుండెను. సంతనాడు కేకయు, డప్పుపై చాటింపును చాలియుండెను. తూకము మంచిదన్న మాట ఒక ఇంటి నూతిగట్టునుండి వేఱొక ఇంటి నూతిగట్టునకు పోవుచుండెను. నేటి మాధ్యమములలో ఒకరు మెచ్చిన దుకాణమును పదుగురకు తెలుపుట యను పద్ధతి ఈ నూతిగట్టు పద్ధతియే గాని వేఱు కాదు.

పందొమ్మిదవ శతాబ్ది చివర తపాలాశాఖ తెచ్చిన మార్పు నిజముగా పెద్దది. దూరపు ఊరివాడు జాబు వ్రాసి సరకు కోరినచో, ముందు సరకు పంపవలయునా, ముందు పైకము రావలయునా యను తగవు తెగకుండెను. పంపినవానికి పైకము రాదేమో యని భయము. పైకము కట్టినవానికి సరకు రాదేమో యని భయము. 1877 వ సంవత్సరమున వి.పి.పి. పద్ధతి వచ్చినది. పార్సెలు అందించునప్పుడే తపాలావారు పైకము వసూలు చేసి పంపినవానికి చేర్చుదురు. ఇరువురి భయమును ఒక్క ఏర్పాటుతో తీఱెను. 1879 లో కాలణా కార్డును, 1880 లో మనియార్డరును వచ్చినవి. మూడేండ్లలో మూడు మెట్లు. వీనిలో కార్డుపై వర్తకులకు ఒక సంశయముండెను. అది త్రోవపొడవునను అందఱికంటను పడునుగదా! ధరలను మఱుగుభాషలో చెప్పుకొను ఆచారము మన వర్తకులలో ప్రసిద్ధమే. ధర బయటపడునన్న జంకు నేటికిని పోలేదని, చరవాణిలో బొమ్మ పెట్టి ధర పెట్టక "ధరకై విడిగా అడుగుడు" అని వ్రాయువారిని చూచిన తెలియును. నా అభిప్రాయములో ఇది పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పును కాదు. పొరుగు దుకాణమువాడు ధరను ఎట్లును తెలిసికొనును. అడుగుటకు బిడియపడి మరలిపోవునది కొనుగోలుదారే.

క్రమముగా ఎదుగుట యన్న దేమో చూడగోరువారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి వ్యాపారచరిత్రమును చదువవలయును. ఆయన 1867 లో కృష్ణామండలమందలి ఎలకుఱ్ఱున జన్మించి, పలుచోట్ల పనిచేసి, 1893 లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. తలనొప్పికి రాచుకొను పసుపుపచ్చని లేపనమది. పేరు లేని మందును ఎవరు కొందురు? క్రొత్త మందు ఒంటికి పడునో పడదో యను భయము సహజమే. పంతులుగారు సంగీతసభలకు వచ్చినవారికి ఆ మందును ఉచితముగా పంచిపెట్టిరి. రాచుకొని చూచినవాడు మఱునాడు తానే కొనును. కొని పదుగురకు చెప్పును. పెద్ద పెద్ద అక్షరముల ప్రకటనలకంటె ఆ చిన్న నమూనా పనిచేసినది.

వారు సొంతముగా పత్రికను నెలకొల్పినది 1908 లో. బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడినది. అనగా మందు పుట్టిన పదునైదేండ్లకు. చెన్నపట్టణమునకు తరలి దానిని దినపత్రికగా మార్చినది 1914 లో. భారతి మాసపత్రిక 1924 లో. అమృతాంజనము పబ్లికు కంపెనీ యైనది 1936 లో. మొదటి యేటనే దినపత్రికను ఎత్తుకొనియున్నచో మందును పత్రికయు రెండును మునిగియుండు నని నేననుకొందును. ఆయన పత్రిక కేవలము మందు నమ్ముటకు పుట్టినది కాదు. తెలుగుజాతికి కావలసిన వార్తలను, సాహిత్యమును, స్వాతంత్ర్యోద్యమమును మోసినది. చదువరులకు పనికివచ్చునది పెట్టినందుననే దానిలోని ప్రకటనకును గౌరవము కలిగినది. 1938 లో వారు స్వర్గస్థులైరి. మన కులమువారు కాకపోయినను ఈ సంచికలో వారిని స్మరించుట ఉచితమే. వర్తకవిద్యకు కులము లేదు.

కె. ఎన్. కేసరిగారిది ఇట్టిదే మఱియొక మార్గము. చెన్నపట్టణములో కేసరికుటీరము నెలకొల్పి, స్త్రీలకు లోధ్ర యను ఔషధమును అమ్మిన ఆయన 1928 లో గృహలక్ష్మి పత్రికను స్థాపించి, రచయిత్రులను స్వర్ణకంకణముతో సత్కరించిరి. ఎవరు తన మందును కొనవలయునో వారికొఱకే పత్రిక నడిపిరి. నేటి మాధ్యమములందు ఉదయము మొదలు రాత్రి వఱకు "కొనుడు, కొనుడు" అని మాత్రమే అఱచువారికి ఈ సంగతి తెలియదు.

రేడియో, దూరదర్శనముల విషయమును క్లుప్తముగా చెప్పెదను. వివిధభారతిలో వాణిజ్యప్రకటనలు 1967 లోను, దూరదర్శనములో 1976 లోను మొదలైనవి. అవి పెద్ద కంపెనీల సొత్తు. మన చిన్న దుకాణమునకు అందినది సినిమాహాలులో విరామసమయమున వేయు స్లైడు. ఆ పిమ్మట కేబులు టీవీ తెర అడుగున పరుగెత్తు అక్షరముల వరుస. ఎవరు చూచిరో, ఎవరు చూచి వచ్చిరో తెలియకుండెను.

1995 ఆగస్టు 15 న మన దేశమున అంతర్జాలము సామాన్యప్రజలకు లభించినది. ఫేస్‌బుక్ 2004 లో విద్యార్థులకొఱకు పుట్టి, 2006 లో అందఱికిని తెఱువబడినది; వ్యాపారములకు వేఱుగా పుటలు 2007 లో వచ్చినవి. వాట్సాప్ 2009 లో పుట్టినది. చిన్న వర్తకులకొఱకు వాట్సాప్ బిజినెస్ 2018 జనవరిలో వెలువడినది. మన బజారులలో మొదట అడుగుపెట్టినది వాట్సాపే. కారణము స్పష్టము. అది క్రొత్తవారికి చాటింపు కాదు, ఎఱిగినవారితో సంభాషణము. అందలి ప్రసారపు జాబితాకు ఒక చక్కని నియమముండెను. ఒక జాబితాలో 256 మందికి మించరాదు. అదియు మన సంఖ్యను తన చరవాణిలో వ్రాసికొన్నవానికే మన మాట చేరును. వాడుక పుస్తకములో పేరున్నవానికే అరువు ఇచ్చు మన పాతపద్ధతికి ఇది సరిగా అతికినది.

మా ఊరి బజారులో ఒక చీరల దుకాణముండెడి రీతిని చెప్పెదను. యజమాని నాకంటె పెద్దవాడు. మేనల్లుడు పట్నమునుండి వచ్చి, మాధ్యమము లన్నియు ఒక్కసారి తెఱుతమనెను. పెద్దాయన ఒప్పుకొనలేదు. నలుగురెదుట ఎవరైన నిందావాక్యము వ్రాసినచో ఏమి గతి యన్నదే ఆయన భయమని కొన్నాళ్లకు గాని మేనల్లునికి తెలియలేదు. అప్పుడతడు పని మార్చుకొనెను. మొదటి పండుగకు బిల్లుపై చరవాణి సంఖ్యను అచ్చువేయించెను, అంతే. తరువాతి పండుగకు, అడిగినవారికి మాత్రము చీరల బొమ్మలు పంపెను. పోచంపల్లి చీరకు వెనుకవైపు బొమ్మను కూడ తీసి పంపెను. దారమునకే రంగు వేసి నేసినది గనుక ఇక్కత్తు రెండువైపులను ఒక్కతీరుగ నుండును; అచ్చువేసిన నకలుకు వెనుక వెలవెలబోవును. ఈ యుపాయము పెద్దాయనది. ఐదుపదుల యేండ్లుగా వాడుకదారులకు చీర తిరగవేసి చూపుచున్నవాడు ఆయనే గదా! ఆనాటినుండి ఆయనకు ఆ పరికరముపై మమకారము కలిగినది. అందఱికిని కనబడు పుటను ఆపైని మఱి కొంతకాలమునకు గాని వారు తెఱువలేదు. అప్పటికి నింద వచ్చినచో దానికి మర్యాదగా బదులు వ్రాయుట ఎట్లో ఆయనకే తెలిసియుండెను.

చెల్లింపుల విషయమునను ఇట్లే జరిగినది. యూపీఐ పద్ధతి 2016 లో మొదలైనను, పైకము నిజముగా పడినదో లేదో యన్న సందేహముచే చాలమంది వెనుకాడిరి. పడిన మొత్తమును బిగ్గరగా తెలుగున పలుకు చిన్న పెట్టె వచ్చిన పిదప కూరగాయల బండివాడును నిశ్చింతుడయ్యెను. వి.పి.పి. చేసిన పనినే ఈ పెట్టెయు చేసినది. 2020 మార్చి 25 న దేశమంతట తలుపులు మూతబడినప్పుడు, అప్పటికే నాలుగడుగులు వేసియున్న దుకాణములు వాడుకదారుల ఇండ్లకు సరకు చేర్చగలిగినవి. ఆనాడు మొదలుపెట్టినవారు తొందరలో తప్పుసరకులు పంపి మాటలు పడిరి.

తొందరపడినవారి కష్టమునకు ఇంకను రెండు దృష్టాంతములు కలవు. 2020 జూన్ 29 న మన ప్రభుత్వము టిక్‌టాక్ సహితముగా 59 అనువర్తనములను నిషేధించెను. దానియందే తమ పేరునంతయు పెంచుకొన్నవారి వీక్షకులు ఒక్కరాత్రిలో చెదరిపోయిరి. 2021 అక్టోబరు 4 న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడును సుమారు ఆఱుగంటలు నిలిచిపోయినవి. అద్దెయింటిలో కట్టుకొన్న అటకవంటిది ఈ మాధ్యమము. ఇల్లుగలవాడు పొమ్మన్ననాడు మన సామాను మనకుండవలయును. అందుచేత వాడుకదారుల పేరు, ఊరు, సంఖ్య, వారి అనుమతితో, ఒక కాగితపు పుస్తకమున వ్రాసియుంచుట మంచిది. మన తాతలు చిట్టా, ఆవర్జా రెండును వ్రాసినది ఇందుకే.

నేర్పువారిని గూర్చి ఒక మాట. మన సంఘమువారు ఇదివఱకు ఏర్పఱచిన తరగతులలో ఒక్క పూటలోనే అన్నియు చెప్పి పంపిరి. నలువదియేండ్లు బాలురకు పాఠము చెప్పిన అనుభవముతో అనుచున్నాను: అది చదువు కాదు, వాన. నీరంతయు పల్లమునకు పోవును. వచ్చిన పెద్దను మొదట ఏది వచ్చునని గాక, దేనికి జంకుచున్నారని అడుగవలయును. ధర బయటపడు నన్నవానికి ఒక పాఠము. పైకము రాదన్నవానికి వేఱొకటి. అక్షరములు చిన్నవిగా నున్నవి కనబడవన్నవానికి తెరపై అక్షరములను పెద్దవి చేసి చూపుటయే మొదటి పాఠము. ఒక సంగతి చేతికి వచ్చువఱకు రెండవది ఎత్తరాదు.

ఇందుకొఱకు మన సత్రపు వీథియరుగు ప్రక్క గదిని ఆదివారములందు ఇచ్చుటకు కార్యవర్గమువారు అంగీకరించిరి. మన కులమున చదువుకొన్న పిల్లలు నలుగురు, ఒక్కొక్కరు ఒక్కొక్క పెద్దతో కూర్చుండుటకు సిద్ధముగా నున్నారు. పోషకమహాశయులు పెద్ద యంత్రములేవియు ఇప్పింప నక్కఱలేదు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మంచి వెలుతురునిచ్చు దీపము చాలును. చరవాణి ఎవరిది వారే తెచ్చుకొందురు.