కొండచిలువకు వడ్డన

కొండచిలువ ఎరను మ్రింగుచుండగా చూచుటకు జనులు తరతరములుగా వేడుకపడుచు వచ్చిరి. మ్రింగిన పిదప దాని కడుపులో సాగు సుదీర్ఘవ్యాపారమును గమనించుటకు మాత్రము చాలకాలము ఎవరికిని ఓపిక లేకపోయెను. నేడు పాశ్చాత్యదేశములలోని ఇండ్లలో గాజుపెట్టెలయందు పెంచబడుచున్న బాల్ పైథాన్ అను చిన్నజాతి కొండచిలువకు ఎంతటి ఎలుకను, ఎన్నాళ్ల కొకటి ఈయవలెనని అడిగినచో, ఎర మందము పాము నడుము మందమును మించరాదనియు, పిల్లపామునకు వారమున కొకటి, ఎదిగినదానికి రెండు మూడు వారముల కొకటి చాలుననియు పెంపకందారులు తడుముకొనక చెప్పుదురు. వినుటకు అతిసామాన్యమైన ఈ లెక్క కుదురుటకు ఓడలు, జంతుప్రదర్శనశాలలు, శరీరశాస్త్రజ్ఞుల ప్రయోగశాలలు ఎన్నియో కావలసివచ్చెను.

1817లో జావా ద్వీపమందలి బటేవియానుండి ఇంగ్లండునకు బయలుదేరిన సీజర్ అను ఓడలో, బోర్నియోనుండి తెచ్చిన 16 అడుగుల కొండచిలువ యొకటి పంజరములో ప్రయాణము చేయుచుండెను. దారిబత్తెముగా దానితోపాటు సజీవమైన మేకలను కొన్నింటిని ఎక్కించిరి. సముద్రమున పగిలిపోయిన ఆల్సెస్ట్ అను యుద్ధనౌకకు వైద్యుడైన జాన్ మెక్లియోడ్ అదే ఓడలో స్వదేశమునకు మరలుచు, పంజరములోనికి త్రోయబడిన మేక భయవిహ్వలమై నిలుచుటయు, పాము దానిని చుట్టుకొని నలుపుటయు, తల మొదలుకొని క్రమక్రమముగా లోనికి తీసికొనుటయు కన్నులార చూచి తన యాత్రాగ్రంథములో సవిస్తరముగా వర్ణించెను. ఆ కార్యమునకు రెండు గంటలకు పైగా పట్టినదని కాలమును సైతము గుర్తించుకొనెను. పాము మాత్రము ఇంగ్లండు చేరలేదు. ఆఫ్రికా దక్షిణాన నున్న గుడ్‌హోప్ కేప్ దాటి సెయింట్ హెలీనా ద్వీపము చేరకమునుపే మరణించెను. ఆ మరణమునకు హేతువేదైనను ఒక్క మాట చెప్పవచ్చును: వెచ్చదనము లేనిదే పాము కడుపు పని చేయదు. ఓడవారు మేకల సంఖ్యను లెక్కించుకొనిరి గాని, కదలికలేని పంజరములో, మారుచున్న శీతోష్ణములలో అంతటి ఎర ఎట్లు అరుగునన్న ఆలోచన ఆ కాలమున ఇంకను పుట్టలేదు.

1849లో లండన్ రీజెంట్స్ పార్కులోని జంతుశాలయందు సరీసృపములకై ప్రత్యేకముగా ఒక గృహము తెరువబడెను. ప్రపంచములో అటువంటి గృహము అదియే మొదటిది. అచ్చట పాములకు కుందేళ్లను, సీమపందికొక్కులను, పక్షులను ప్రాణములతోనే వేయుచుండగా సందర్శకులు గాజుపలక కావల గుంపుగూడి చూచెడివారు. 1851లో అచ్చటి బోవా అను పెద్దపాము యొకటి కప్పుకొనుటకు వేసిన కంబళినే మ్రింగి, నెల దాటిన తరువాత గాని కక్కలేదు. ఎర పరిమాణమును గూర్చి పామునకే వివేకముండునని, అది తనకు తగినంతయే తినునని నమ్మువారు ఈ కంబళిని ఒకమారు స్మరింపవలెను. 1857లో చార్లెస్ డికెన్స్ యాదృచ్ఛికముగా ఆ వడ్డనను చూచి, ఇంటికి వచ్చిన తరువాత కూడ బల్ల కాళ్లవెంబడి పాములు ప్రాకి వచ్చుచున్నట్లు భ్రమపడుచున్నానని మిత్రునకు లేఖ వ్రాసెను. ఆయన వేదన కుందేళ్లను గూర్చినది, అది న్యాయమైనదే. కాని ఆ దృశ్యమువలన పామునకును మేలు లేదన్న మాట అప్పటి వాదోపవాదములలో వినవచ్చినది తక్కువ.

1903లో ఆ జంతుశాలను నడుపు సంస్థకు కార్యదర్శియైన పీటర్ చామర్స్ మిచెల్, జంతుశాలాధికారియగు పోకాక్ అను ఇరువురును ఈ విషయమును వాదముతో గాక పరీక్షతో తేల్చదలచిరి. పాములు చచ్చిన ఎరను ముట్టవన్నది అంతవరకు రూఢమైన నమ్మకము. ఓపికతో ప్రయత్నించినచో వానిలో అత్యధికభాగము చంపి యిచ్చిన జంతువులను నిరాటంకముగా స్వీకరించునని వారు 1907లో ప్రకటించిరి. దయ కొరకు చేసిన ఈ సంస్కరణము పామునకును రక్షణయైనది. ఏలయన ఆకలిలేని పాము పెట్టెలో విడువబడిన సజీవమైన ఎలుక దాని వీపును కొరికి పెట్టు గాయములు ప్రాణాంతకములు కాగలవు. నేటి పెంపకందారులు చల్లదనమున గడ్డకట్టించిన ఎలుకను కరిగించి, వెచ్చజేసి అందించుట ఆ సంస్కరణకు కొనసాగింపే.

ఎర ఎట్టిదన్నది ఇట్లుండగా, ఎప్పుడన్న ప్రశ్న మరింత కాలము చిక్కుగానే నిలిచెను. పాము తానే పూనుకొను ఉపవాసము అందులకొక కారణము. లామార్‌పికో అను ఫ్రెంచివాడు మన దేశమున కొండచిలువ గ్రుడ్లను చుట్టుకొని పొదుగునని చెప్పగా పారిస్ పండితులు విశ్వసింపలేదు. 1841లో పారిస్ జంతుశాలలోనే ఒక కొండచిలువ గ్రుడ్లు పెట్టి పొదుగుటకు పూనుకొనగా, వలాన్సియెన్ అను శాస్త్రజ్ఞుడు దాని చుట్టల నడుమ ఉష్ణమును కొలిచి ఆ మాట నిజమని నిరూపించెను. పొదుగు దినములలో ఆ తల్లి నీరు త్రాగినది గాని ఆహారమును తాకలేదు. 1862లో లండన్‌లోను ఒక ఆఫ్రికా కొండచిలువ అట్లే నిరాహారయై గ్రుడ్లను చుట్టుకొని పడియుండగా జనులు తండోపతండములుగా వచ్చి చూచిరి. భాగవతములోని అవధూత తన ఇరువదినలుగురు గురువులలో అజగరమును చేర్చి, దొరకినది భుజించి దొరకనినాడు ఊరకుండుటను దానియొద్ద నేర్చితినని యదుమహారాజునకు చెప్పెను గదా! ఆ మాట తెలిసిన మన పెద్దలకు ఈ ఉపవాసము వింతగా తోచియుండదు.

కడుపులోని పనికి లెక్క కట్టుట ఇరువదవ శతాబ్దపు కార్యము. బోస్టన్‌లో ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ పెద్ద సరీసృపముల శరీరోష్ణమును, శ్వాసక్రియను కొలిచి 1932లో గ్రంథము ప్రకటించెను. తరువాత 1990 దశకమున స్టీఫెన్ సీకార్, జేర్డ్ డైమండ్ అనువారు బర్మా కొండచిలువలను పరీక్షించి, తిండి లేని కాలమున ముడుచుకొనియుండు ప్రేగులు ఎర పడిన ఒకటి రెండు దినములలోనే సుమారు రెట్టింపు బరువగుననియు, ప్రాణవాయువు వినియోగము పదులరెట్లు హెచ్చుననియు చూపిరి. 2005లో వెలువడిన మరియొక పరిశోధన ప్రకారము రెండు దినములలో గుండె కండరమే 40 శాతము పెరుగును. ఇంతటి ఆయత్తము ఒక్క ఎరకు కావలసియుండగా, దినదినము వడ్డించుట ప్రేమ కాదు. తిన్న రెండు దినములలోపల పామును చేతబట్టి ఆడించినచో అది ఎరను కక్కివేయవచ్చును.

ఇక బాల్ పైథాన్ సంగతి. దీని స్వదేశము పశ్చిమాఫ్రికా. బెనిన్ దేశమందలి విదా పట్టణమున దంగ్బే అను దేవతారూపముగా ఈ జాతిపాములకు గుడి కలదు. అచ్చటి పాములు అప్పుడప్పుడు రాత్రివేళ ఊరిలో తిరిగి తమ యెలుకలను తామే వెదకుకొనుననియు, ఎవరి యింట దూరినను వారు భక్తితో తిరిగి తెచ్చి విడుతురనియు చెప్పుదురు. పూజారులకు ఎర పరిమాణమును గూర్చిన చింతయే లేదు. ఘానా, టోగో, బెనిన్‌లనుండి వేలకొలది పాములు అమెరికాకు, ఐరోపాకు ఎగుమతియైన పిమ్మటనే ఆ చింత మొదలయ్యెను. అడవిలో పట్టిన పెద్దపాములు తమకు పరిచయములేని తెల్ల ఎలుకను చూచి ముఖము త్రిప్పుకొని మాసములతరబడి పస్తుండగా, పెంపకందారులు జెర్బిల్ అను ఎడారి ఎలుకను చూపి మచ్చిక చేసిరి. 1992లో బాబ్ క్లార్క్ బందీస్థితిలో తెల్లపాము పిల్లలను పుట్టించిన పిదప రంగురంగుల పిల్లల పెంపకమే గొప్ప వ్యాపారమయ్యెను. పెట్టెలో పుట్టిన పిల్లకు ఎలుక కొత్త కాదు గనుక, లెక్క సులభమైనది: చిన్నదానికి దాని బరువులో పదింట ఒక వంతు మొదలు పదిహేను శాతము వరకు, ఎదిగినదానికి ఐదు శాతము చుట్టుప్రక్కల, పెట్టెలో ఒకవైపు 31 మొదలు 33 డిగ్రీల వెచ్చదనము. అయినను శీతకాలము వచ్చినప్పుడు, జత కోరు ఋతువున, ఎదిగిన పోతుపాము ఎంత చక్కని ఎలుకను చూపినను నెలలకొలది నోరు తెరువదు. అనుభవము గల పెంపకందారుడు అప్పుడు ఎలుకను వెనుకకు తీసికొని, వారమువారము పామును తూచి, బరువు తగ్గనంతకాలము ఊరకుండును.