ట్రిపులార్‌లో గల్తీలు, అఖ్తర్ టోపీ

ఈద్ మర్నాడు పిల్లలు టీవీలో ట్రిపులార్ పెట్టారు. మా ఆపా కొడుకు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఆట పేరు ‘గల్తీ పకడో’. తారీఖ్‌కి విరుద్ధంగా ఏది కనపడితే అది రాయాలి. ఎక్కువ పట్టినవాళ్లకి ఇంకో గిన్నె షీర్ ఖుర్మా. జడ్జిని నేను.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర రెండూ. తెలుగులోకి వచ్చాక తేదీ ఒక్కటే మిగిలింది. మావాడు మాత్రం రెండూ పట్టాడు.

సినిమా కాలం 1920. మొదట్లోనే పోలీస్ ఠాణా ముందు జనం లాలా లజపతిరాయ్ అరెస్టు మీద గొడవ చేస్తుంటారు. హకీకత్‌లో ఆయన ఆ ఏడాది సెప్టెంబరులో కలకత్తా కాంగ్రెస్ ప్రత్యేక మహాసభకి అధ్యక్షత వహించారు. అరెస్టయింది 1921 డిసెంబరులో. ఢిల్లీలో గవర్నర్ దొర ఉంటాడు. అప్పటి ఢిల్లీకి గవర్నరే లేడు, చీఫ్ కమిషనర్ ఉండేవాడు. సినిమాలో కనిపించే దొరల బంగ్లా కూడా ఢిల్లీది కాదు, ఉక్రెయిన్‌లో కీవ్ నగరంలోని మరిన్స్కీ ప్యాలెస్. నాటు నాటు అక్కడే ఆడారు. ఇది తారీఖ్ గల్తీ కాదని మావాడికి మార్కు ఇవ్వలేదు. అలిగాడు.

ఇక మన గోదావరి సంగతి. అల్లూరి సీతారామరాజు వాలిద్ సాబ్ ఫోటోగ్రాఫర్. రాజమండ్రిలో ఉండేవారు, రాజు చిన్నప్పుడే పోయారు. సినిమాలో ఆయన ఊరందరికీ తుపాకీ నేర్పే యోధుడు. రాజు పోలీసు నౌకరీ ఎన్నడూ చేయలేదు. పైగా పోలీసుల తుపాకులు ఎత్తుకుపోయిన మనిషి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు రోజుల్లో మూడు ఠాణాలు. తర్వాత అక్టోబరులో అడ్డతీగల. ఎక్కడికొస్తున్నాడో ముందే మిరపకాయ టపా పంపేవాడు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర ఆయన మనుషులు ఇద్దరు దొరల్ని చంపారు, వాళ్లలో ఒకడి పేరు స్కాట్ కవర్డ్. సినిమాలో గవర్నర్ పేరు కూడా స్కాట్. 1924 మే 7న కొయ్యూరులో రాజుని కాల్చేశారు. కొమురం భీమ్‌ని ఆయన ఎన్నడూ కలవలేదు. ఇది కల్పితమని సినిమావాళ్లు ముందే రాసుకున్నారు గనక అది గల్తీ ఖాతాలోకి రాదు.

అసలు గొడవ టోపీ దగ్గర. 2020 అక్టోబరు 22న, భీమ్ జయంతి రోజు, టీజర్ వచ్చింది. చివర్లో భీమ్ టోపీ, సుర్మాతో కనిపించాడు. అది చరిత్రకి అవమానమని అప్పటి ఆదిలాబాద్ ఎంపీతో సహా చాలామంది లేచారు. సినిమాలో చూస్తే అది మారువేషం. ఢిల్లీలో ఒక ముస్లిం కుటుంబం నీడలో అఖ్తర్ పేరుతో దాక్కుంటాడు. అల్లూరి ఒంటిమీద తెల్లోడి పోలీసు యూనిఫామ్ చూసి అంత గట్టిగా చరిత్ర అడిగినవాళ్లు నాకైతే కనపడలేదు. రెండింటిలో ఏది పెద్ద గల్తీ?

ఇంకోటి చెప్పాలి. 1920 ఢిల్లీ అంటే ఖిలాఫత్ రోజులు. దానికి ముందు ఏడాదే, 1919 ఏప్రిల్ 4న, ఆర్యసమాజ్ స్వామి శ్రద్ధానంద జామా మసీదులో నిలబడి తఖ్రీర్ చేశారు. లజపతిరాయ్ అధ్యక్షత వహించిన ఆ కలకత్తా సభే ఖిలాఫత్‌ని కలుపుకుని సహాయ నిరాకరణ తీర్మానం చేసింది. సినిమాలో ఆ ముచ్చట లేదు. టోపీ ఉంది, ఆ టోపీలు పెట్టుకున్నవాళ్ల ఉద్యమం లేదు. నా కాగితంలో నంబర్ వన్ గల్తీ అదే.

ఇక్కడితో ఆపితే మనకి ఖుషీగానే ఉంటుంది. కానీ మావాడు అడిగాడు, “మామూ, మరి నిజం భీమ్ ఎవరితో లడాయి చేశాడు?”

చెప్పక తప్పలేదు. నైజాం సర్కారుతో. పంట మీదికొచ్చిన సిద్దిఖీ అనేవాణ్ని కొట్టి అడవి పట్టాడని అక్కడి కథనం. పన్నెండు ఊళ్ల గోండుల భూమి కోసం నిలబడి 1940లో జోడేఘాట్‌లో నైజాం పోలీసుల తూటాలకి పోయాడు. సినిమాలో దొరే దుష్మన్, నైజాం తరఫున ఒక సలహాదారు వచ్చి హెచ్చరించి పోతాడంతే. మన ఇళ్లలోనూ ఇంతే. నైజాం కట్టించిన ఆస్పత్రి, యూనివర్సిటీ చెప్తాం, జోడేఘాట్ చెప్పం. తిరుగుబాటు తర్వాత అదే సర్కారు హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుణ్ని పంపింది, మార్లవాయిలో గోండులకి మదర్సా తెరిపించింది, పట్టాలూ ఇచ్చింది. అదీ తారీఖే. అయితే అవన్నీ తూటాల తర్వాత.

ఆ సర్కారు దఫ్తర్ జబాన్ ఉర్దూ. మా స్కూల్లో ఉస్తాద్ నల్లబోర్డు మీద రాసిన జబాన్‌లోనే అడవిలో కట్టె కొట్టిన గోండు మీద జుర్మానా కూడా రాసేవారు.

మావాడు పెన్ను పట్టుకుని, “ఇది ఏ ఖాతాలో రాయాలి మామూ?” అన్నాడు. కాగితం వెనక్కి తిప్పి అక్కడ రాయమన్నాను. షీర్ ఖుర్మా వాడికే ఇచ్చాను.