ఒక్క ఫిర్యాదూ లేదు

రాత్రి పదిన్నర. అమీర్‌పేటలో మూడో అంతస్తు. ఏసీ కట్టేసి అందరూ వెళ్లిపోయారు, నీ నెత్తిమీద ఫ్యాన్ ఒక్కటే కిర్రుకిర్రుమంటోంది. స్క్రీన్ మీద ఎడమ పక్క క్లయింట్ పంపిన ఇంగ్లిష్ నోట్, కుడి పక్క నువ్వు తిప్పలు పడుతున్న తెలుగు. పీఆర్ ఏజెన్సీలో చేరి పందొమ్మిది రోజులైంది. రేపు పదకొండింటికి సోమాజిగూడ ప్రెస్ క్లబ్‌లో నీ మొదటి ప్రెస్ మీట్.

క్లయింట్ విత్తనాల కంపెనీ. కొత్త వరి రకం తెస్తున్నారు. నోట్ ఇలా మొదలుపెట్టావు: "విత్తన రంగంలో అగ్రగామిగా వెలుగొందుతూ, అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానంతో, రైతుల అభ్యున్నతే ధ్యేయంగా..." క్రియ ఇంకా నాలుగు లైన్ల దూరంలో ఉంది.

నేను పక్క కుర్చీ లాక్కుని కూర్చుని "పైకి చదువమ్మా" అంటాను. చదువుతావు. రెండో లైనుకే నీకు ఆయాసం వస్తుంది.

ఇప్పుడు ఆ నోట్‌ని అవతలి గట్టు నుంచి చూడు. రేపు సాయంత్రం ఏడు. పేపర్ ఆఫీసులో సబ్ ఎడిటర్. మెయిల్ నిండా నోట్లే. అన్నీ అగ్రగాములవే, అన్నీ వెలుగొందుతున్నవే. పక్కన టీ మీద మీగడ కట్టింది. అతని చేతిలో మిగిలిన జాగా పేజీ కింది మూలన సింగిల్ కాలమ్, అదీ ఏదైనా ప్రకటన ఎగిరిపోతే. నీ మొదటి పేరా చూస్తాడు, వేలు డిలీట్ మీదకు పోతుంది. రెండో పేరా, మళ్లీ డిలీట్. అతను వెతుకుతున్నవి చాలా మామూలు సంగతులు. ఏ రకం? ఎన్ని రోజుల పంట? ఎకరానికి ఎన్ని కిలోలు? బస్తా ఎంత? ఎక్కడ దొరుకుతుంది? అవి నీ నోట్‌లో ఆరో పేరాలో, "ఈ సందర్భంగా మేనేజింగ్ డైరెక్టర్ మాట్లాడుతూ" కింద నలిగిపోయి ఉన్నాయి.

వాటిని పైకి లాగుతావు. ఆరు వందల మాటల నోట్ నూట ఎనభైకి దిగుతుంది. ఇంగ్లిష్‌లో "లాంచ్" అంటే నువ్వు "ఆవిష్కరణ" అని రాశావు. విత్తనాన్ని ఎవరూ ఆవిష్కరించరు, మార్కెట్‌లోకి తెస్తారు. "స్వల్పకాలిక రకం" అన్న మాట మాత్రం అలాగే ఉంచమన్నాను. అది రైతు నోట్లో నలిగిన మాటే.

ఐదో పేరాలో ఇంకో వాక్యం. "గత వానాకాలం తమ విత్తనాలపై ఒక్క ఫిర్యాదూ రాలేదని ఆయన తెలిపారు."

"ఇదెవరు చెప్పారు?"

"వాళ్ల మార్కెటింగ్ వాళ్లు పంపినదాంట్లో ఉంది సార్."

"నువ్వు ఎవరినైనా అడిగావా?"

నువ్వు మాట్లాడవు. ఫ్యాన్ మాట్లాడుతుంది.

నా సంగతి ఒకటి చెబుతాను. ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడు, ఒక క్లయింట్ చెప్పమన్నట్టే ఒక రిపోర్టర్‌కి "ఎవరినీ తీసెయ్యడం లేదు, అవన్నీ పుకార్లు" అని చెప్పాను. నా మాట మీద ఆయన వార్త ఆపుకున్నాడు. మర్నాడు ఇంకో పేపర్లో తీసేసినవాళ్ల లెక్కతో సహా వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఫోన్ ఎత్తడం మానేశాడు. మూడేళ్లు. తిట్టినా బాగుండేది.

ఆ వాక్యం కొట్టేస్తావు. పదకొండున్నరకి నోట్ మెయిళ్లకి పోతుంది. ఫాంట్ మర్చిపోవద్దు. మన ఆఫీసులో పాత మెషీన్‌లో అను ఫాంట్‌లో కొట్టినది అవతల ఆ ఫాంట్ లేని ఫోన్‌లో తెరిస్తే తెలుగు కనపడదు; ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు కలిసిన ముద్ద వస్తుంది. వాట్సాప్‌కి యూనికోడ్, డెస్క్ అడిగితే అను ఫైలు. రెండూ పంపు. అందమైన వాక్యం కంటే తెరుచుకునే ఫైలు గొప్పది.

*

పొద్దున పదిన్నర. మృగశిర వచ్చి వారమైంది, రాత్రి వాన పడింది, ప్రెస్ క్లబ్ ముందు రోడ్డు ఇంకా తడిగానే ఉంది. నువ్వు అందరికంటే ముందు వచ్చావు, మంచి పని చేశావు. వెనక బ్యానర్‌లో "విత్తనం"లోని తవత్తు ఎగిరిపోయి "వితనం" అయింది. ఫొటోలో సరిగ్గా ఎండీ తల పక్కనే పడుతుంది. ఆ పక్కన పూలకుండీ జరుపుతావు. సగం ఉద్యోగం ఇదే, నవ్వుకోకు.

మొదట కెమెరాలవాళ్లు వస్తారు. ఛానెళ్ల లోగో మైకులు టేబుల్ మీద వరసగా దిగుతాయి; ఏది ముందుండాలో వాళ్లలో వాళ్లకి తెలుసు, నువ్వు తాకకు. తర్వాత పేపర్ రిపోర్టర్లు ఒక్కొక్కరే. చివరి వరసలో ఎడమ మూల కుర్చీలో, కళ్లద్దాలు నుదుటి మీదకు నెట్టుకుని నీ నోట్ చదువుతున్నాడే, ఆయన్ని గుర్తుపెట్టుకో. పాతికేళ్లుగా వ్యవసాయం బీట్. నోట్ చదివి వచ్చే రిపోర్టర్ ఒక్కడే ఉంటాడు ఏ ప్రెస్ మీట్‌లోనైనా. మిగతా హాలంతా ఒక ఎత్తు.

పదకొండు అన్నది పదకొండూ నలభైకి మొదలైంది. ఎండీ బాగానే మాట్లాడుతున్నాడు. పంట రోజులు చెప్పాడు, ధర చెప్పాడు. కెమెరా లైట్ల వేడి కాబోలు, ఊపు వచ్చింది. "పోయిన సీజన్‌లో మా విత్తనం మీద ఒక్క ఫిర్యాదు, ఒక్కటంటే ఒక్కటి లేదు!"

రాత్రి నువ్వు కొట్టేసిన వాక్యం. గోడ పక్కన నిలబడ్డ నీ చేతులు చల్లబడతాయి.

మూలకుర్చీ లేస్తుంది. "సార్, వరి విత్తనానికి మొలక కనీసం 80 శాతం ఉండాలని ప్రమాణం. మీ పరీక్షల్లో ఎంత వచ్చింది? ఫిర్యాదుల్లేవంటున్నారు, ఆ రికార్డు చూపిస్తారా?"

ఎండీ నవ్వుతాడు. "చాలా ఎక్సలెంట్‌గా ఉందండీ మా మొలక." ఆ నవ్వు అలాగే ఉంచి, నీ వైపు చూస్తాడు.

నీకు అంకె తెలియదు. ఇక్కడ రెండు తప్పులు చేసే వీలుంది. ఒకటి, ఏదో ఒక అంకె చెప్పెయ్యడం. రెండు, "టైమైపోయింది, టిఫిన్ అక్కడ పెట్టించాం" అని హాలుని లేపెయ్యడం. రెండోది నా కళ్లముందు ఎన్నిసార్లు జరిగిందో చెప్పలేను. నువ్వు ముందుకొచ్చి, గొంతు కొంచెం వణుకుతూనే, "సార్, లాట్ వారీ మొలక శాతం, పోయిన సీజన్ ఫిర్యాదుల వివరం సాయంత్రం ఐదింటికల్లా మీకు పంపుతాను" అంటావు. ఆయన కళ్లద్దాలు దించి నిన్ను చూస్తాడు. "పేరేంటమ్మా?" చెబుతావు. నోట్ వెనక రాసుకుంటాడు, పక్కన "5" అని వేసి సున్నా చుడతాడు.

*

ఇప్పుడు అసలు పని మొదలైంది. కాలేజీలో నీకు చెప్పిన దానికి ఇది తలకిందులు. పీఆర్ అంటే బయటి జనాన్ని ఒప్పించడం అనుకుని వస్తారు కొత్తవాళ్లు. రోజులో ముప్పావు వంతు లోపలివాళ్లని ఒప్పించడానికే పోతుంది.

ఒంటిగంటన్నర. మార్కెటింగ్ ఆయనకి ఫోన్ చేస్తావు. "ఫిర్యాదుల లెక్క పంపడమేంటి, ఎవరైనా పంపుతారా?" అంటాడు. సరే, ఆయన్ని వదిలెయ్. మేడ్చల్ దగ్గర వాళ్ల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో క్వాలిటీ చూసేవాడొకడు ఉంటాడు. అలాంటివాడు ప్రతి కంపెనీలోనూ ఉంటాడు, అతనికి ఎవరూ ఫోన్ చెయ్యరు. నువ్వు చేస్తే సంబరపడిపోతాడు. రిజిస్టర్ తీసి చదువుతాడు: కొత్త రకం లాట్లన్నీ 86 నుంచి 91 మధ్య. పోయిన వానాకాలం మొలక మీద ఫిర్యాదులు పదకొండు. తొమ్మిదింటికి బస్తాలు మార్చి ఇచ్చారు. రెండింటి మీద మాట తెగలేదు.

పదకొండు. ఎండీ "ఒక్కటీ లేదు" అన్నవి పదకొండు.

మూడింటికి జూబ్లీహిల్స్‌లో ఆయన గది. ఇక్కడ ఎండీకి చరిత్ర పాఠాలు చెప్పకు, చిరాకు పడతాడు. నీకు మాత్రం తెలిసి ఉండాలి. 1906 అక్టోబర్‌లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ రైలు వంతెన మీంచి నీళ్లలో పడింది. 50 మందికి పైగా పోయారు. అప్పటి రైలు కంపెనీలకి ప్రమాదం జరిగితే మూసిపెట్టడమే అలవాటు. వాళ్లకి సలహాదారుగా ఉన్న ఐవీ లీ, మాజీ రిపోర్టరే, జరిగింది రాసి పత్రికలకి ఇప్పించాడు, విలేకరులను ఆ చోటికి తీసుకెళ్లే ఏర్పాటూ చేయించాడు. మనం ఇవాళ ప్రెస్ నోట్ అంటున్నదానికి తొలి నమూనా అదేనని చెబుతారు. ఆ లీ కూడా తర్వాతి రోజుల్లో కడిగిన ముత్యంలా ఏమీ మిగల్లేదు, అది వేరే కథ. కానీ ఈ వృత్తి పుట్టింది పొగడ్త రాయడానికి కాదు.

ఎండీ టేబుల్ మీద ఒకే కాగితం పెడతావు. మాటలు వద్దు, అంకెలు చాలు. పదకొండు, తొమ్మిది, రెండు.

"ఇది నేనే ఇస్తే రేపు హెడ్డింగ్ అవుతుంది కదమ్మా."

"సార్, వాళ్లు తవ్వితే పదకొండు ఒక్కటే రాస్తారు. మనమిస్తే తొమ్మిది కూడా రాస్తారు."

ఇది నేను నేర్పింది కాదు. నువ్వే అన్నావు. ఆయన కాగితం తిప్పాడు, మళ్లీ తిప్పాడు, కిటికీలోంచి కాసేపు రోడ్డు చూశాడు. "ఆ రెండు కూడా తేల్చేయమను," అన్నాడు ఫోన్ తీస్తూ. "పంపు."

నాలుగూ యాభై రెండుకి పంపావు. అవతల నుంచి నీలం టిక్కులు రెండు. జవాబు లేదు. జవాబు రాదు కూడా, ఎదురుచూడకు.

*

సాయంత్రం క్లయింట్ మార్కెటింగ్ వాళ్లు అడిగేది ఒక్కటే: మెయిన్‌లో వస్తుందా? వాళ్లకి మెయిన్ ఎడిషన్ బిజినెస్ పేజీ కావాలి, బోర్డు మీటింగ్‌లో చూపించుకోవాలి. బస్తా కొనే రైతు బిజినెస్ పేజీ తిప్పడు. అతను మొదట చూసేది జిల్లా పేజీలు. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా ఎడిషన్లు తెచ్చాక తెలుగు పేపర్ల లెక్కే మారిపోయింది. మన మండలం వార్త లేకపోతే పేపరే కాదన్నంత అలవాటైంది. కాబట్టి జిల్లాల కంట్రిబ్యూటర్లకి విడిగా పంపు, వాళ్ల జిల్లాలో ఏ ఊళ్లో డీలర్ ఉన్నాడో రాసి పంపు. ఆ పేజీలు ముందే వెళ్లిపోతాయి, సిటీ టైమ్ అనుకుని కూర్చుంటే బండి దాటిపోతుంది.

ఇంకో మాట అడుగుతారు, "దీని యాడ్ వాల్యూ ఎంత?" అని. వార్త ఎన్ని చదరపు సెంటీమీటర్లో కొలిచి, అదే జాగా ప్రకటనకైతే ఎంతయ్యేదో లెక్క కట్టమంటారు. 2010లోనే బార్సిలోనాలో ఈ రంగం వాళ్లంతా కూర్చుని ఆ లెక్క చెల్లదని తీర్మానించారు. అయినా నువ్వు స్కేలు పట్టుకుని కొలవాల్సే వస్తుంది. నేనూ కొలిచాను. కొలువు, నమ్మకు.

*

రాత్రి తొమ్మిదీ పది. మెట్రోలో ఎల్బీనగర్ వైపు, నిలబడి. ఫోన్ మోగుతుంది. మూలకుర్చీ ఆయన.

"అమ్మా, నల్లగొండ నుంచి మావాడు చెబుతున్నాడు. మీ కంపెనీ సీడే. ఇద్దరు రైతుల నారుమళ్లు సగం కూడా మొలవలేదట. రాస్తున్నాడు. మీ మాట కూడా ఉంటే బాగుంటుందని ముందు నీకు చేస్తున్నా."

"ముందు నీకు" అన్నాడు, విన్నావా? పొద్దున నీ పేరు కూడా తెలియని మనిషి.

ఆపమని అడగకు. "రేపటికి వాయిదా వెయ్యండి" అనీ అనకు. ఏ రకం, ఏ లాట్ నంబర్, బస్తా ట్యాగ్ ఫొటో ఉందా, చల్లి ఎన్ని రోజులైంది, ఇవి అడుగు. అడుగుతావు. తలుపు పక్కన నిలబడి, ఒక చేత్తో రాడ్ పట్టుకుని, ఇంకో అరచేతి మీద పెన్నుతో లాట్ నంబర్ రాసుకుంటావు. పాత రకం, కొత్తది కాదు. క్వాలిటీ అతనికి, ఎండీకి ఒకే కాల్ కలుపుతావు. తొమ్మిదీ నలభైకి నువ్వు పంపిన జవాబు మూడు లైన్లు: ఆ లాట్ నంబర్, పొద్దున్నే ఫీల్డ్ టీం వెళ్తుందన్న మాట, రైతులు ఫోన్ చెయ్యాల్సిన నంబర్. "రైతుల అభ్యున్నతే ధ్యేయంగా" అని లేదు.

తెల్లవారి ఆరింటికి మీ వీధి చివర పేపర్లు విడదీసేవాడి దగ్గర నిలబడ్డావు. మెయిన్‌లో కొత్త రకం వార్త సింగిల్ కాలమ్, ధర, పంట రోజులతో. కింద ఒక వాక్యం: పోయిన సీజన్ పదకొండు ఫిర్యాదుల్లో తొమ్మిదింటికి విత్తనం మార్చి ఇచ్చినట్టు కంపెనీ తెలిపింది. నల్లగొండ పేజీ ఇక్కడ దొరకదు కాబట్టి ఫోన్‌లో ఈ-పేపర్ తెరుస్తావు. మొలవని నారుమడి, గట్టు మీద తలగుడ్డ చేతిలో పట్టుకున్న రైతు. చివర్లో నీ మూడు లైన్లు, ఒక్క మాట పోకుండా.

ఫోన్ మళ్లీ కదులుతుంది. క్లయింట్ మార్కెటింగ్ గ్రూప్‌లో ఎర్ర ప్రశ్నార్థకాలు నాలుగు. దాని కింద తెలియని నంబర్ నుంచి మెసేజ్: "మేడమ్, నల్లగొండ కంట్రిబ్యూటర్‌ని. మీ టీం ఎన్నింటికి వస్తుంది? రైతులు పొలం దగ్గరే కూర్చున్నారు."

గ్రూప్ తర్వాత చూడొచ్చు. నువ్వు ముందు డ్రైవర్ నంబర్ వెతుకుతున్నావు.