స్వీడన్‌లో శనివారం మిఠాయి

స్వీడన్‌లో పిల్లలకు మిఠాయి కొనిపెట్టే రోజు శనివారం. ‘లోర్దాగ్స్‌గోడిస్’ అనే ఈ అలవాటు పండుగల నుంచి పుట్టింది కాదు, 1950ల చివర ప్రభుత్వ వైద్యాధికారులు ఇచ్చిన సలహా నుంచి పుట్టింది. ఆ సలహాకు ఆధారం లుండ్ పట్టణంలోని విపెహోల్మ్ ఆసుపత్రిలో జరిగిన ప్రయోగం.

1930ల్లో స్వీడన్‌లో పిప్పిపళ్ళు లేని మనిషి అరుదు. 1938లో ప్రజా దంతవైద్య సేవ ఏర్పడినా, పుచ్చిన పళ్ళన్నీ పూడ్చడం డాక్టర్ల తరం కాలేదు. అసలు పుచ్చు ఎందుకొస్తుందో తేల్చాలని 1945లో పరిశోధన మొదలుపెట్టారు. పోషకాహార లోపమే కారణమని కొందరు, తీపేనని కొందరు వాదించుకుంటున్న కాలమది. మొదట విటమిన్లు ఇచ్చి చూశారు. 1947 నుంచి చక్కెర వైపు మళ్ళారు.

విపెహోల్మ్‌లో ఉన్నవారు తీవ్రమైన మేధో వైకల్యం గలవారు. వాళ్ళు బయటికి వెళ్ళరు, ఏం తినాలన్నా సంస్థ పెట్టాల్సిందే. పరిశోధకులకు కావలసింది సరిగ్గా అదే. 436 మందిని గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు భోజనంతో పాటు చక్కెర నీళ్ళు, ఇంకో గుంపుకు తీపి రొట్టె, మరికొందరికి భోజనాల మధ్య చాక్లెట్లు ఇచ్చారు. ఒక గుంపు చేత రోజుకు 24 టాఫీలు తినిపించారు. అవి పళ్ళకు పట్టుకుని వదలకుండా ఉండేలా ప్రత్యేకంగా చేయించినవి. ఖర్చులో చక్కెర, మిఠాయి కంపెనీల వాటా కూడా ఉంది.

1954లో ఫలితాలు అచ్చయ్యాయి. భోజనంతో తాగిన చక్కెర వల్ల పుచ్చు పెద్దగా పెరగలేదు. భోజనాల మధ్య జిగురు టాఫీలు తిన్నవారి పళ్ళు మాత్రం త్వరత్వరగా పాడయ్యాయి. టాఫీలు ఆపగానే కొత్త పుచ్చులు తగ్గాయి. నోటిలోని బాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. దాంతో నోటిలో పీహెచ్ (ఆమ్లత కొలత) సుమారు 5.5 కన్నా కిందికి దిగితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని సరిచేయడానికి అరగంటో అంతకన్నా ఎక్కువో పడుతుంది. గంటగంటకూ తీపి చప్పరించేవారికి ఆ వ్యవధి దొరకదు. అంటే పళ్ళ విషయంలో ఎంత తిన్నారన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యం. మిఠాయంతా వారంలో ఒకేరోజు తినమన్న సలహా వెనుక లెక్క ఇదే. మిఠాయి తినడం పూర్తిగా మానేయమని చెప్పని ఈ సలహా మిఠాయి వ్యాపారులకూ పెద్దగా కష్టం కలిగించేది కాదు.

నష్టం భరించినవారిని మాత్రం ఎవరూ సమ్మతి అడగలేదు. పాడైన పళ్ళు తిరిగి రావు. ప్రయోగం తెచ్చిన జ్ఞానం నిజమే, దాన్ని సంపాదించిన పద్ధతి అన్యాయం. ఈ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేయవు. ఈ చరిత్రను ఎలిన్ బొమ్మెనెల్ 2006లో లుండ్ విశ్వవిద్యాలయంలో సమర్పించిన సిద్ధాంత గ్రంథం వివరంగా పరిశీలించింది.

విపెహోల్మ్ తేల్చింది పళ్ళ సంగతే. బరువు, మధుమేహం లాంటివాటికి శనివారం సూత్రం సరిపోదు, అక్కడ మొత్తం పరిమాణమూ లెక్కలోకి వస్తుంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆహారానికి కలిపిన చక్కెర, తేనె, పళ్ళరసాల్లోని చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజువారీ శక్తిలో 10 శాతం లోపు ఉండాలని సూచించింది. అందుకు చూపిన ఆధారాల్లో బరువుతో పాటు పంటి పుచ్చు కూడా ఉంది.