డబ్బా వెనక పడేసే ప్యాకెట్

2019లో ఒక ఆదివారం పొద్దున. అంబర్‌పేట సిక్స్ నంబర్ దగ్గర పాన్‌డబ్బా. మనవాడు ఆటో పక్కకు ఆపి దిగాడు. పేరు అడగొద్దు. ఇలాంటివాళ్లు గల్లీకి నలుగురుంటారు, వాళ్లందరి కథా ఒక్కడికి తొడిగి చెబుతున్నాను.

"అన్నా, ఒకటియ్యి."

ఇరవై ఏళ్లుగా అదే మాట. రోజుకు డజను సార్లు, డజను విడి సిగరెట్లు. ప్యాకెట్ కొన్న పాపాన పోలేదు. తిరకాసంతా అక్కడే. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్‌కు రెండువైపులా 85 శాతం బొమ్మల హెచ్చరికే ఉండాలి. 2018 సెప్టెంబర్ నుంచి మానాలనుకునేవాళ్ల కోసం ఒక నంబర్ కూడా వేస్తున్నారు: 1800-11-2356. విడిగా కొనేవాడికి ఆ బొమ్మా అందదు, నంబరూ అందదు. ఆ పుండు బొమ్మను రోజంతా చూస్తూ కూర్చునేది పాపం, అమ్మేవాడు!

ఆ రోజు ప్యాకెట్లో ఒక్కటే మిగిలింది. "ఆఖరిదే, డబ్బీతోనే తీస్కపో."

సాయంత్రం చొక్కా ఉతకబోతూ బిడ్డ జేబులోంచి ఆ ఖాళీ ప్యాకెట్ తీసింది.

"బాపూ, ఇది ఫ్రీ నంబరంట."

మర్నాడు చేస్తే ఎవరూ ఎత్తలేదు. "సర్కారు ఫోన్ గట్లనే ఉంటది," అని నవ్వాడు. ఆ రోజుల్లో సోమవారం ఆ లైన్‌కు సెలవు. మంగళవారం బిడ్డే కలిపి చెవికి పెట్టింది. దక్షిణాది భాషల్లో ఫోన్లు అందుకునేది బెంగళూరు నిమ్హాన్స్‌లో. అవతల ఒకావిడ తెలుగులోనే పలికింది.

తిట్లు తినడానికి సిద్ధపడ్డాడు. ఆమె అడిగింది వేరు.

"పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది తాగుతారు?"

"కండ్లు తెర్వంగనే, మేడం."

"ఏది మానడం కష్టం?"

"చాయ్ మీదిది."

మానే రోజు అతన్నే చెప్పమంది. శుక్రవారం అన్నాడు. తాగాలన్న గుంజుడు కొన్ని నిమిషాలకు దానంతటదే దిగుతుందట. అంతవరకు నీళ్లు తాగాలి, నిదానంగా ఊపిరి తీయాలి, చేతికి ఏదో పని చెప్పాలి.

శుక్రవారం గిరాకీ అతన్ని ఆజామాబాద్ మీదుగా తీసుకుపోయింది. చార్మినార్ సిగరెట్లు చేసిన వజీర్ సుల్తాన్ కంపెనీ ఫ్యాక్టరీ అక్కడే. కంపెనీ 1930 నాటిది. ఇటు అంబర్‌పేటలో జిందా తిలిస్మాత్ మందు తయారవుతుంది. దగ్గూ మాదే, మందూ మాదే అని ఇక్కడివాళ్లు అనుకోవచ్చు.

నారాయణగూడలో చాయ్ చెప్పాడు. కప్పు వచ్చింది. సగం తాగేసరికి చేయి తనంతట తానే జేబు మీదికి పోయింది. ఖాళీ. పక్క బల్ల మీద ఎవరో అగ్గిపుల్ల గీశారు. గ్లాసెడు నీళ్లు తాగాడు. గోడ గడియారం చూశాడు. ఆటో తాళంచెవి వేలి చుట్టూ తిప్పాడు. ముల్లు కదలనట్టే ఉంది. చాయ్ మీద మీగడ కట్టింది. మళ్లీ గడియారం చూసేసరికి ఆరు నిమిషాలు. అడుగున మిగిలిన చల్లటి చాయ్ గటగటా తాగి లేచాడు.

తొమ్మిదో రోజు బామ్మర్ది దావత్‌లో ఒకటి కాల్చాడు. లైన్ వాళ్లే మళ్లీ ఫోన్ చేసినప్పుడు చెప్పాలా వద్దా అని గింజుకుని చెప్పేశాడు.

"అప్పుడు పక్కన ఎవరున్నారు?" అని మాత్రం అడిగిందామె.

రెండు నెలలకు, అదే డబ్బా.

"అన్నా, ఒకటియ్యి."

డబ్బా అతను అలవాటుగా సిగరెట్ తీశాడు.

"అది గాదే. డబ్బా ఎన్క పడేస్తవ్ గద, ఖాళీ ప్యాకెట్. మా స్టాండ్ల ఇంకోడు అడుగుతుండు."